మైనస్ 12తో మొదలైన సీజన్: 2019–20లో బోల్టన్‌కి నిజంగా ఏం జరిగింది

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు ప్రశ్నలు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే బోల్టన్ వాండరర్స్ ఫుట్‌బాల్ క్లబ్ మైనస్ 12 పాయింట్లతో ఎలా మొదలైంది? ఆగస్టులో పెద్ద ఆటగాళ్ళని పక్కనపెట్టి పిల్లల్ని ఎందుకు ఆడించారు? ఆ 12 పాయింట్లు కోయకపోయి ఉంటే జట్టు లీగ్ వన్‌లో, అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మూడో అంచెలో, నిలబడేదా? చివర్లో, పాత పట్టికలో 14 పాయింట్లు చూసి "ఇంత చేతకాని జట్టా అన్నా" అని కూడా రాశావు. మాంచెస్టర్‌కి చదువుకోడానికి వచ్చి ఏడాది కూడా కాలేదు కాబట్టి నీకు అలా అనిపించడం సహజం. కానీ ఆ మాట చదివాక నిద్ర పట్టలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఈ ఊరికి, అంటే బోల్టన్‌కి, 2005లో వచ్చాను. పని అకౌంట్స్. వచ్చిన మొదటి శీతాకాలంలో పక్కింటి పెద్దాయన ఒకరు నన్ను మ్యాచ్‌కి తీసుకెళ్ళారు. అప్పటి నుంచి స్టాండ్‌లో ఆయన పక్క సీటే నాది. కాబట్టి ఈ కథని లెక్కల పుస్తకం వైపు నుంచీ చూశాను, స్టాండ్‌లో కూర్చునీ చూశాను.

ముందు మూడో ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను: నిలబడేది కాదు. జట్టుని ముంచింది 12 పాయింట్ల కోత కాదు, చేజారిపోయిన వేసవి. ఆ తేడా అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

బోల్టన్ చిన్న క్లబ్ కాదు. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టిన 12 క్లబ్బుల్లో ఇదొకటి. నేను వచ్చిన రోజుల్లో శామ్ అలర్డైస్ మేనేజర్, జే జే ఒకోచా ఇక్కడే ఆడుతున్నాడు. 2007లో యూరప్ పోటీలో మ్యూనిక్ వెళ్ళి బయర్న్‌తో 2-2 డ్రా చేసుకుని వచ్చారు. ఇదంతా నడిచింది ఎక్కువగా ఎడ్డీ డేవిస్ అనే యజమాని డబ్బు మీద. ఈ ఊరితో అనుబంధం ఉన్న మనిషి, జట్టంటే ప్రాణం. క్లబ్‌కి ఆయన పెట్టిందంతా పుస్తకాల్లో అప్పుగా పేరుకుంటూ పోయింది. 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయాక ఒకటి రెండేళ్ళకే ఆ అప్పు 16 కోట్ల పౌండ్లు దాటింది. టీవీ డబ్బు పడిపోయింది, జీతాల ఒప్పందాలు మాత్రం పై లీగ్ లెక్కన ఉండిపోయాయి. ఆదాయం ఇడ్లీ బండిది, ఖర్చు ఫంక్షన్ హాలుది అన్నట్టు తయారైంది.

2016లో డేవిస్ తన బాకీలో చాలా భాగం వదిలేసుకుని క్లబ్‌ని అమ్మేశారు. కొన్నవాళ్ళ దగ్గర అంత డబ్బు లేదు. కొన్నాళ్ళకి పగ్గాలు కెన్ ఆండర్సన్ చేతికి వచ్చాయి. 2018 సెప్టెంబరులో క్లబ్ దివాలా అంచుకి వెళితే, మళ్ళీ డేవిసే ఇంకో 50 లక్షల పౌండ్లు అప్పిచ్చి ఆపారు. అది జరిగిన కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. ఆ వారం స్టేడియం బయట పూలగుత్తులు పెట్టి వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇకమీదట ఆపద వస్తే ఎవరు ఆదుకుంటారన్న భయం అక్కడ ప్రతి ముఖంలో కనిపించింది.

భయపడినట్టే అయింది. 2018–19లో రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్‌లో జట్టు అడుగుకి చేరింది. మార్చి జీతాలు రాలేదు. ఏప్రిల్ 19న ఆస్టన్ విల్లా చేతిలో 2-0తో ఓడి లీగ్ వన్‌కి దిగిపోవడం ఖాయమైంది. ఆ తర్వాతి వారం బ్రెంట్‌ఫర్డ్‌తో సొంత మైదానంలో జరగాల్సిన మ్యాచ్‌కి, జీతాలు ఇవ్వందే ఆడమని ఆటగాళ్ళు చెప్పేశారు. మ్యాచ్ జరగలేదు. తర్వాత ఆ గెలుపుని బ్రెంట్‌ఫర్డ్‌కి 1-0గా రాసిచ్చారు.

ఆటగాళ్ళు సమ్మె చేశారంటే కోట్లు సంపాదించేవాళ్ళకి ఇదేం పోయేకాలం అనుకునేవాళ్ళున్నారు. కానీ జీతాలు ఆగింది వాళ్ళకి మాత్రమే కాదు. టికెట్ కౌంటర్‌లో, వంటగదిలో, ఆఫీసులో పనిచేసేవాళ్ళకీ ఆగాయి. స్టేడియంలోనే ఒక హోటల్ ఉంది. అందులో గదులు సర్దేవాళ్ళకీ ఆగాయి. మే నెలలో క్లబ్ తాలూకు ట్రస్టు సొంత సిబ్బంది కోసం ఫుడ్ బ్యాంక్ పెట్టింది. మాలాంటి అభిమానులు బియ్యం, పాస్తా, పాల డబ్బాలు, పిల్లల డైపర్లు పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాం. ఒకప్పుడు యూరప్‌లో ఆడిన క్లబ్‌లో పనిచేసేవాళ్ళు సంచి పట్టుకుని సరుకుల కోసం నిలబడ్డ రోజు అది. గోల్స్, పాయింట్ల లెక్కలన్నీ ఆ రోజు నాకు చాలా చిన్నవిగా కనిపించాయి.

ఇక మైనస్ 12 సంగతి. పన్నుల శాఖకి 12 లక్షల పౌండ్లు బాకీ ఉంటే, కంపెనీని మూసేయించమని ఆ శాఖ కోర్టుకి వెళ్ళింది. 2019 మే 13న క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. 2013లో ఆల్డర్‌షాట్ తర్వాత అలా వెళ్ళిన మొదటి లీగ్ క్లబ్ ఇదే. అడ్మినిస్ట్రేషన్ అంటే మూసేయడం కాదు. యజమాని చేతిలోంచి తాళాలు తీసుకుని, చట్టం ప్రకారం నియమించిన ఒక నిపుణుడి చేతికి ఇస్తారు. అప్పులవాళ్ళు మీద పడకుండా ఆపి, కొత్త కొనుగోలుదారుని వెతకడం ఆయన పని.

అప్పులు ఎగ్గొట్టి కొత్త ఖాతా తెరిచినట్టు హాయిగా ఆడుకుంటామంటే, బిల్లులు సరిగ్గా కట్టే క్లబ్బులకి అన్యాయం కదా. అందుకే లీగ్ నిర్వహించే ఈఎఫ్ఎల్ ఇలా వెళ్ళిన క్లబ్‌కి 12 పాయింట్లు కోస్తుంది. బోల్టన్ అప్పటికే దిగిపోయింది కాబట్టి ఆ సీజన్‌లో కోస్తే శిక్ష తగిలినట్టే ఉండదు. అలాంటప్పుడు కోతని తర్వాతి సీజన్‌కి జరుపుతారు. ఆగస్టులో అందరూ సున్నా దగ్గర మొదలైతే బోల్టన్ మైనస్ 12 దగ్గర మొదలైంది అందుకే.

ఇందులో నాకు ఎప్పుడూ మింగుడుపడని నియమం ఇంకోటి ఉంది. అప్పుల్లో ఆటగాళ్ళ జీతాలు, ఇతర క్లబ్బులకి ఇవ్వాల్సిన బదిలీ సొమ్ము పూర్తిగా చెల్లించాలి. లేదంటే లీగ్‌లో ఉండనివ్వరు. మిగతావాళ్ళకి, అంటే ప్రింటింగ్ ప్రెస్‌కి, కూరగాయలు వేసేవాడికి, కరెంటు పని చేసినవాడికి రూపాయికి పావలా ఇస్తే చాలు, లీగ్ ఒప్పుకుంటుంది. అది కూడా ఇవ్వకపోతే ఇంకో 15 పాయింట్లు కోస్తారు. ఇలాంటి కేసుల్లో చిన్న వ్యాపారుల పేర్లున్న జాబితా చదవడం నా వృత్తిలో భాగం. బంతిని ఎప్పుడూ తన్నని వాళ్ళే ఎక్కువ నష్టపోతారు.

వేసవిలో ఏ క్లబ్ అయినా చేసే పనులు ఏమిటి? ఒప్పందాలు ముగిసినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని తీసుకోవాలి, కలిపి ఆడించాలి, సీజన్‌కి ముందు అయిదారు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడాలి. బోల్టన్‌లో ఇవేవీ సరిగ్గా జరగలేదు. కొత్తవాళ్ళని తీసుకోకుండా ఆంక్షలు. ఉన్నవాళ్ళకి జీతాల్లేవు, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా అకాడమీలో ఎదిగిన లూకా కానెల్ సెల్టిక్‌కి వెళ్ళాడు. స్నేహపూర్వక మ్యాచ్‌లు కొన్ని రద్దయ్యాయి. కొనడానికి ఫుట్‌బాల్ వెంచర్స్ అనే బృందం ముందుకి వచ్చింది కానీ క్లబ్ ఒక కంపెనీ, హోటల్ ఇంకో కంపెనీ, రెండింటికీ వేర్వేరు అడ్మినిస్ట్రేటర్లు, వేర్వేరు అప్పులవాళ్ళు. అందరూ ఒకేసారి సంతకం పెట్టాలి. అది చాలదన్నట్టు, ఆగస్టు మొదట్లో ఒకప్పటి వాట్‌ఫర్డ్ క్లబ్ యజమాని లారెన్స్ బస్సీని అనే ఆయన కోర్టు నుంచి స్టే తెచ్చారు. అమ్మకం ఆగిపోయింది. సీజన్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఆగస్టు 3న వికంబ్‌లో మొదటి మ్యాచ్. మేనేజర్ ఫిల్ పార్కిన్సన్ దగ్గర ఒప్పందంలో ఉన్న సీనియర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. 2-0తో ఓడిపోయారు. ఆ రోజే అనిపించింది, ఇంత తక్కువ ఓడడం కూడా గొప్పే అని.

ఆగస్టు 10న కోవెంట్రీతో సొంత మైదానంలో మ్యాచ్. నువ్వు అడిగిన పిల్లల జట్టు ఇదే. క్లబ్ చరిత్రలో అంతకంటే చిన్న వయసు జట్టు ఎప్పుడూ దిగలేదు. సగటు వయసు దాదాపు 19. జట్టు జాబితా చేతికొచ్చాక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. చాలా పేర్లు ఆయనకే కొత్త. పెద్ద స్టేడియంలో ఆడడం ఆ పిల్లల్లో చాలామందికి అదే మొదటిసారి. మొదటి ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. ఆ తర్వాత మెల్లగా ఒక సంగతి గమనించాను. బంతి పోగొట్టుకున్న ప్రతి కుర్రాడూ తలదించుకోకుండా వెంటనే వెనక్కి పరిగెత్తుతున్నాడు. ఒకడు పడితే ఇంకొకడు చెయ్యి ఇస్తున్నాడు. స్టాండ్‌లో కూడా ఎవరూ కసురుకోలేదు. మామూలు రోజుల్లో మావాళ్ళు ఊరుకునే రకం కాదు. ఆ రోజు ప్రతి చిన్న టాకిల్‌కీ చప్పట్లే. ఆఖరి పావుగంటలో ఇద్దరు ముగ్గురికి కాళ్ళు పట్టేశాయి. అయినా 0-0తో ముగించారు. విజిల్ వేశాక స్టేడియం మొత్తం లేచి నిలబడింది. నా వెనక వరసలో ఒకావిడ ఏడుస్తోంది. బహుశా ఆ పిల్లల్లో ఒకరి తల్లో, మేనత్తో అయ్యుండాలి. అడగాలనిపించలేదు.

తమ్ముడూ, ఆ కోవెంట్రీ ఎవరో తెలుసా? ఆ సీజన్ ముగిసేసరికి లీగ్ వన్ విజేత. ఆ ఏడాది ఛాంపియన్లని జీతం అందని క్లబ్‌లోని పిల్లలు గోల్ కొట్టనివ్వకుండా ఆపారు. ఇప్పుడు చెప్పు, చేతకాని జట్టు అనగలమా?

అయితే కుర్రాళ్ళ శరీరాలకి ఒక హద్దు ఉంటుంది. వారం తర్వాత ట్రాన్మియర్ చేతిలో 5-0. ఆగస్టు 20న డాంకాస్టర్‌తో మ్యాచ్ ఉంటే, పిల్లల ఆరోగ్యం దృష్ట్యా ఆడలేమని క్లబ్ తనంతట తానే రద్దు చేసుకుంది. దీన్ని ఈఎఫ్ఎల్ తప్పుపట్టింది. నా ఉద్దేశంలో ఆ నెలలో క్లబ్ తీసుకున్న సరైన నిర్ణయం అదొక్కటే. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని పది రోజుల్లో నాలుగో మ్యాచ్‌కి దింపితే కండరం తెగుతుంది. ఒక్కోసారి దాంతోనే వాడి కెరీర్ అయిపోతుంది. మర్నాడు పార్కిన్సన్ రాజీనామా చేశారు. 2017లో ఇదే క్లబ్‌ని పైకి తెచ్చి, ఆ తర్వాతి ఏడాది ఆఖరి రోజున రెండు ఆలస్యపు గోల్స్‌తో నిలబెట్టిన మనిషి ఆయన. ఆయన్ని తప్పుపట్టినవాళ్ళు మా స్టాండ్‌లో ఎవరూ లేరు. అకాడమీ చూసుకునే జిమ్మీ ఫిలిప్స్ పగ్గాలు తీసుకున్నారు. ఇప్స్విచ్‌తో 5-0, జిల్లింగమ్‌తో 5-0. మొదటి అయిదు లీగ్ మ్యాచ్‌ల్లో వచ్చింది ఒకే ఒక పాయింటు. కొట్టిన గోల్ ఒక్కటీ లేదు, తిన్నవి 17.

ఆ మధ్యలో వచ్చిన ఆగస్టు 27 గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. మా పక్క ఊరు బెరీ. 1885లో పుట్టిన క్లబ్, 1894 నుంచి లీగ్‌లో ఉంది. వాళ్ళ కథా ఇదే. అంతకుముందు డిసెంబరులో ఒక్క పౌండుకి చేతులు మారింది, ఏప్రిల్ ఆఖర్లో పై లీగ్‌కి ఎదిగింది, ఆగస్టుకల్లా ఒక్క మ్యాచ్ ఆడడానికీ దిక్కులేదు. ఆ రోజు సాయంత్రం 5 గంటలు గడువు. ఎవరో కొంటారన్న ఆశతో పొద్దున్నుంచీ అభిమానులు చీపుళ్ళు పట్టుకుని గిగ్ లేన్ స్టేడియం శుభ్రం చేశారు. ముసలివాళ్ళు సీట్లు తుడిచారు. కొంటామన్నవాళ్ళు వెనక్కి తగ్గారు. రాత్రి వార్త వచ్చింది, బెరీని లీగ్ నుంచి తొలగించారని. అదే రోజు బోల్టన్‌కి 14 రోజుల నోటీసు ఇచ్చారు. ఆ రాత్రి పెద్దాయనకి ఫోన్ చేస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మా నాన్న నన్ను చిన్నప్పుడు గిగ్ లేన్‌కి కూడా తీసుకెళ్ళేవాడు" అని మాత్రం అన్నారు.

మర్నాడు, ఆగస్టు 28న, మా క్లబ్ అమ్మకం పూర్తయింది. షారన్ బ్రిటన్ చైర్మన్ అయ్యారు. రెండు ఊళ్ళ మధ్య దూరం పది కిలోమీటర్లు, రెండు క్లబ్బుల తలరాతల మధ్య దూరం ఒక్క రోజు. మేం సంబరం చేసుకోలేకపోయాం.

కొత్త మేనేజర్ కీత్ హిల్ బోల్టన్‌లోనే పుట్టినవాడు, రాచ్‌డేల్‌ని ఏళ్ళ తరబడి నడిపినవాడు. సెప్టెంబరు 2న బదిలీల గడువు ముగిసే రోజున దాదాపు జట్టంతా ఒకేసారి కొత్తగా తీసుకొచ్చారు. ఒకరి పేరు ఒకరికి తెలియని పదకొండు మందితో రాథరమ్ వెళ్ళి 6-1తో ఓడిపోయారు. కానీ సీజన్ మొత్తంలో మొదటి లీగ్ గోల్ అక్కడే పడింది. మొదటి గెలుపు అక్టోబరు చివర్లో బ్రిస్టల్ రోవర్స్ మీద వచ్చింది. మైనస్‌లోంచి బయటపడేసరికి చలికాలం వచ్చేసింది. ఆగస్టు పిల్లల్లో డెనిస్ పొలిటిక్, రోనన్ డార్సీ లాంటివాళ్ళు ఆ తర్వాత కూడా జట్టులో నిలిచారు. ఆ ఏడాది ఎక్కువ చప్పట్లు వాళ్ళకే. మిగతా సీజన్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. చాలా డ్రాలు, కొన్ని గెలుపులు, మార్చిలో కోవిడ్. జూన్ 9న సీజన్‌ని అక్కడితో ముగించి, మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయన్న లెక్కతో స్థానాలు తేల్చారు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్నకి లెక్క చూద్దాం. 34 మ్యాచ్‌లు, 5 గెలుపులు, 11 డ్రాలు, 18 ఓటములు. అంటే 26 పాయింట్లు. అందులోంచి 12 తీస్తే 14. 26 ఉంచేసినా మ్యాచ్‌కి 0.76 వస్తుంది. కిందికి దిగే జట్లని వేరుచేసే గీతకి సరిగ్గా పైన నిలిచిన ఏఎఫ్‌సీ వింబుల్డన్‌కి 35 మ్యాచ్‌ల్లో 35 పాయింట్లు ఉన్నాయి. గీత కింద మునిగిన ట్రాన్మియర్‌కి కూడా 34 మ్యాచ్‌ల్లో 32. కోత లేకపోతే ఆఖరి స్థానంలోంచి పైకి వచ్చేవాళ్ళం, సౌతెండ్‌ని దాటేవాళ్ళం. అంతే. బెరీ పోవడం వల్ల ఆ ఏడాది నాలుగు బదులు మూడు జట్లే దిగాయి. అయినా సరిపోలేదు. హిల్ జట్టు కూడా గొప్పగా ఆడలేదని ఒప్పుకుంటాను. కానీ ఒక వారాంతంలో కుట్టిన చొక్కా ఒంటికి సరిపోలేదని దర్జీని ఎంతవరకు అనగలం? మే, జూన్, జులైలు దొరికి ఉంటే వేరే జట్టు దిగేది. అందుకే వేసవి అన్నాను.

మనవాళ్ళకి ఇక్కడి ఫుట్‌బాల్ అనగానే బోల్టన్‌కి ఉత్తరాన ఉన్న బ్లాక్‌బర్న్ గుర్తొస్తుంది. నెక్ పేరుతో గుడ్ల ధర దేశమంతా తెలిసేలా చేసిన డాక్టర్ బి.వి. రావుగారి కుటుంబానికి చెందిన వెంకీస్ 2010లో దాన్ని కొంది. బ్లాక్‌బర్న్, బోల్టన్ ఒకే ఏడాది, 2012లో, ప్రీమియర్ లీగ్ నుంచి పడ్డాయి. అక్కడి అభిమానులకీ యజమానుల మీద కోపాలున్నాయి. నిరసనగా ఒక మ్యాచ్‌లో మైదానంలోకి కోడిని వదిలారు. వాళ్ళూ 2017లో లీగ్ వన్‌కి దిగారు, కానీ ఒక్క ఏడాదిలో తిరిగి ఎక్కారు. వాళ్ళకి లోటు వచ్చినప్పుడల్లా పూడ్చే చెయ్యి ఉంది. మాకు 2018 తర్వాత ఆ చెయ్యి లేదు. చెడ్డ నిర్ణయాల నుంచి క్లబ్బులు కోలుకోగలవు. నెలాఖరున జీతం పడకపోతే కోలుకోవడం చాలా కష్టం.

ఆ తర్వాత మేం 1988 తర్వాత మళ్ళీ నాలుగో అంచెలో ఆడాం. ఇయన్ ఎవాట్ మేనేజర్‌గా ఒక్క ఏడాదిలోనే పైకి వచ్చాం. 2023లో వెంబ్లీలో ప్లిమత్‌ని 4-0తో ఓడించి ఈఎఫ్ఎల్ ట్రోఫీ గెలిచాం. పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో కూడా వచ్చారు. బెరీ, బోల్టన్ గొడవల తర్వాత క్లబ్ యజమానులపై నిఘా ఉండాలన్న వాదన బలపడి, చివరికి 2025 జులైలో ఫుట్‌బాల్ పాలన చట్టం వచ్చింది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కొనకముందే అడిగే స్వతంత్ర సంస్థ దానివల్ల ఏర్పడింది. గిగ్ లేన్‌లో చీపుళ్ళు పట్టుకున్నవాళ్ళకి ఆరేళ్ళు ఆలస్యంగా దక్కిన జవాబు అది.

నీకు వీలైతే ఒక శనివారం రా. మాంచెస్టర్‌లో రైలెక్కి హార్విచ్ పార్క్‌వేలో దిగితే స్టేడియం ఎదురుగానే ఉంటుంది. బయట నాట్ లాఫ్ట్‌హౌస్ విగ్రహం కనిపిస్తుంది. ఒకే క్లబ్‌కి 285 గోల్స్ కొట్టిన మనిషి. విగ్రహం దగ్గరే నిలబడు. ముందురోజు చెబితే పెద్దాయన, నేను అక్కడికి వస్తాం. కోవెంట్రీ మ్యాచ్ జట్టు జాబితా కాగితం ఆయన ఇంకా దాచుకున్నారు, తెమ్మని చెబుతాను.